34 అక్షరాల పనితనం

మన ఉత్తరాంధ్ర వాళ్లు ‘రంగం’ పోయి, కూలి డబ్బు ఇంటికి మనియార్డరు చేసిన నగరమే మయన్మార్‌లోని యాంగాన్. ఇప్పుడు ఆ దేశంలో డబ్బు పంపే హుండీ పద్ధతి పక్కన యూఎస్‌డీటీ అనే ఫోన్ డాలరు కూడా చేరింది. 2020 మేలో మయన్మార్ కేంద్ర బ్యాంకు డిజిటల్ కరెన్సీ లావాదేవీలు కుదరవంది. 2021 డిసెంబరులో, సైనిక పాలనకు పోటీగా ఏర్పడ్డ జాతీయ ఐక్యతా ప్రభుత్వం అదే యూఎస్‌డీటీని గుర్తించింది. ఆ గొడవ అలా ఉంచి, డబ్బు చేరే చిరునామాను చూద్దాం.

యూఎస్‌డీటీ పంపే నెట్‌వర్కుల్లో ఒకటైన ట్రాన్‌లో ఆ చిరునామా 34 అక్షరాలు. చూస్తే పిల్లాడు కీబోర్డు మీద గంతులేసినట్టుంటుంది. కానీ ఏదీ ఊరికే పెట్టింది కాదు. మొదటి ‘టీ’ ముందు చేర్చే ఒక బైటు వల్ల ఎప్పుడూ వస్తుంది. ఏ నెట్‌వర్కో చూడగానే తెలుస్తుంది. సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ ఇందులో కనపడవు. ఈ అక్షరమాల బిట్‌కాయిన్ నుంచి వచ్చింది. కొన్ని ఫాంట్లలో ఒకదాన్ని చూసి ఇంకొకటనుకుంటామని బిట్‌కాయిన్ సృష్టించిన సతోషి నకమోటో (ఆయనో, ఆవిడో, ఓ జట్టో!) వాటిని తీసేశాడు. మిగిలినవి 58. చుక్కలు, గీతలు కూడా లేవు: రెండుసార్లు క్లిక్ చేస్తే మొత్తం ఒకే మాటగా సెలెక్ట్ కావాలి, ఈమెయిల్లో వరస విరగకూడదు. ఈ కారణాలు బిట్‌కాయిన్ కోడులోనే కామెంట్లుగా ఉన్నాయి.

అసలు సమాచారం 21 బైట్లు. దాన్ని షా-256 లెక్కలో రెండుసార్లు వేసి, ఫలితంలోని మొదటి 4 బైట్లను వెనక తగిలిస్తారు. పంపేముందు వ్యాలెట్ మళ్లీ లెక్కగట్టి సరిచూస్తుంది. అక్షరం తప్పిన చిరునామా దాని కన్నుగప్పే అవకాశం దాదాపు 429 కోట్లలో ఒకటి. మన ఆధార్‌లో 12వ అంకెదీ ఇలాంటి కాపలా ఉద్యోగమే.

నాకు ఇంకా ముచ్చటేసేది 2017లో పీటర్ వుయిల్, గ్రెగ్ మాక్స్‌వెల్ బిట్‌కాయిన్ కోసం ప్రతిపాదించిన బెక్32 అనే చిరునామా పద్ధతి. ఫోన్లో చదివి చెప్పడానికి వీలుగా పెద్ద, చిన్న అక్షరాల కలగాపులగం తీసేశారు. నాలుగు అక్షరాల దాకా మారితే కచ్చితంగా పట్టేస్తుంది. తప్పు ఎక్కడుందో కూడా కనిపెట్టగలదు. అయినా వ్యాలెట్ దాన్ని తనంతట తాను దిద్దకూడదన్నారు, దిద్దితే డబ్బు ఇంకొకరి చిరునామాకు పోవచ్చని. తెలిసీ చేయి వేయకపోవడం పెద్ద పనివాళ్ల లక్షణం. లోపం లేదనను: చివర పీ ఉంటే, దాని ముందు క్యూలు ఎన్ని చేర్చినా సరేననేది. ఆ సంగతి తర్వాత బయటపడి, బెక్32ఎమ్‌తో సవరించారు.

ఇంత చేసినా ఇవన్నీ చేతి పొరపాటుకే కాపలా. మోసగాడిచ్చే చిరునామా లెక్క ప్రకారం నిక్షేపంగా ఉంటుంది. మొదలూ చివరా మీకు తెలిసిన చిరునామాలాగే ఉండేది తయారుచేసి, దాన్నుంచి చిల్లర పంపి మీ పాత లావాదేవీల్లో దూరుస్తాడు. 2024 మేలో ఒకరు అలాంటి చిరునామాకు 1,155 బిట్‌కాయిన్‌లకు సమానమైన టోకెన్లు, అంటే సుమారు 6.8 కోట్ల డాలర్లు, పంపేశారు. ఆ దొంగ తర్వాత చాలావరకు తిరిగిచ్చాడు. అందరికీ అలాంటి దొంగ దొరకడు. చాలా వ్యాలెట్లు మధ్య అక్షరాలు దాచి చుక్కలు పెడతాయి. ఇంత నాజూకు పనిమీద అది మొరటు చేయి.

కాబట్టి పాత లావాదేవీల్లోంచి కాపీ చేయకండి. తీసుకునేవాళ్లనే అడిగి, మధ్య అక్షరాలు కూడా చదివి సరిచూడండి. పెద్ద మొత్తమైతే ముందు కొంచెం పంపి, అందిందని వాళ్ల నోట విన్నాకే మిగతాది పంపండి.