బిరడా తీస్తే ఎవరున్నారు?

సీసాకీ డికాంటర్‌కీ తేడా పేరులో ఉంది. కొన్న సీసా మీద తయారుచేసిన వాళ్ల పేరు, ఊరు, ఏడాది అన్నీ ఉంటాయి. అందులోని మద్యాన్ని బిరడా ఉన్న ఒక అందమైన గాజు పాత్రలోకి ఒంపి బల్లమీద పెడితే అవన్నీ మాయమవుతాయి. ఆ పాత్రే డికాంటర్. వైన్ అడుగున చేరే మడ్డిని వేరుచెయ్యడం దాని మొదటి పని అని పుస్తకాలు చెప్తాయి. అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకుండా చెయ్యడం నాకు కనిపించిన రెండో పని. పాత రంగు గాజు డికాంటర్లని సేకరించి అతిథుల ముందు పెట్టే సరదా గురించి ఈ పత్రికలో రాయడం దేనికని అడిగేవాళ్లకి నా జవాబు ఈ రెండో పనిలోనే ఉంది. ఇంటి ఆతిథ్యం కూడా ఇలాగే నడుస్తుంది. వండిందెవరో, కడిగిందెవరో, సర్దిందెవరో కనపడనప్పుడే అతిథులు “ఎంత బాగా జరిగిందో” అంటారు.

డాక్టరేట్ అయ్యాక రెండేళ్లు ఒహాయోలో ఒక విశ్వవిద్యాలయంలో పనిచేశాను. అక్కడ ఊరి చివర పెద్ద పెద్ద గోడౌన్లలో పాత సామాన్లమ్మే దుకాణాలుంటాయి. నేను అక్కా అని పిలిచే ఒక తెలుగావిడతో శనివారాలు అక్కడికి వెళ్లేదాన్ని. ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పదేళ్లుగా రంగు డికాంటర్లు సేకరిస్తోంది. గాజుని వెలుతురుకెదురుగా పట్టుకుని నీలం అయితే కోబాల్ట్, వంగపండు రంగైతే మాంగనీసు, దానిమ్మ ఎరుపు అయితే కొన్నిసార్లు బంగారం కలిపారని నాకు చెప్పేది. అడుగుభాగం తిప్పి, గాజుని పట్టి ఉంచిన ఇనుప కడ్డీ నుంచి విరిచిన మచ్చ ఉందా లేదా అని చూసేది. ఆవిడ దగ్గర నేర్చుకున్నదే ఈ వ్యాసానికి ఆధారం.

ఆవిడింట్లో విందు జరిగినప్పుడు మాత్రం ఆ సీసాల్లోంచి ఒంపేది ఆవిడ భర్త. వచ్చినవాళ్లు ఆయన్నే మెచ్చుకుంటారు. “అన్నా, నీ కలెక్షన్ అదిరింది” అని ఒకాయన అన్నప్పుడు అన్నగారు నవ్వి ఊరుకున్నాడు. అక్క వంటింట్లో ఉంది. అందరూ వెళ్లాక, చెయ్యి దూరని ఆ సన్నటి మెడల్లోంచి గుప్పెడు బియ్యం, కాస్త వెనిగర్ పోసి గిలకరిస్తూ కూర్చుంది. “చూడవే, నేను కొంటే పిచ్చి, ఆయన పోస్తే టేస్టు” అంది. మగవాడు నాణేలు పోగుచేస్తే అది సేకరణ, ఆడది గాజుసామాను పోగుచేస్తే షాపింగ్. ఈ తేడా అన్ని దేశాల్లోనూ ఉన్నట్టే ఉంది.

ఆ బల్ల ఎవరిదన్న ప్రశ్న చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు సంపన్నుల ఇళ్లలో డికాంటర్ మెడకి చిన్న వెండి బిళ్ల వేలాడేది. నీలి గాజు డికాంటర్ల మీద బంగారు అక్షరాలతో రమ్ అనో బ్రాందీ అనో రాసేవారు. అంటే పానీయానికి పేరుండేది, ఊదినవాడికీ వడ్డించినదానికీ ఉండేది కాదు. భోజనం అవగానే ఇల్లాలు లేచేది, ఆమె వెనకే మిగతా స్త్రీలందరూ లేచి వేరే గదికి వెళ్లిపోయేవారు. అప్పుడు పోర్ట్ వైన్ డికాంటర్ మగవాళ్ల మధ్య ఎడమవైపుకి చేతులు మారుతూ తిరిగేది, రాజకీయాలూ వ్యాపారాలూ మాట్లాడుకునేవారు. తప్పుకుని వెళ్లే గది అనే అర్థంలో ఇంగ్లీషులో ఆ గది పేరు అంతకుముందే ఉంది, స్త్రీలు తప్పుకుని వెళ్లింది ఆ గదికే. మనం ఇవాళ ఇంట్లోని ముందుగదిని డ్రాయింగ్ రూమ్ అంటున్నప్పుడు ఆ చరిత్రంతా మన నాలుక మీద ఉంటుంది.

వర్జీనియా వూల్ఫ్ ‘ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్’లో రెండు భోజనాల్ని పక్కపక్కన పెట్టింది ఇందుకే అనిపిస్తుంది. మగవాళ్ల కాలేజీలో చేపలు, పక్షి మాంసం, ఖాళీ అవగానే మళ్లీ నిండే వైన్ గ్లాసులు. ఆడవాళ్ల కాలేజీలో పలచటి సూపు, మాంసం ముక్క, ఉడకబెట్టిన ఎండుపళ్లు, బల్లచుట్టూ తిరిగే మంచినీళ్ల కూజా. 1928లో కేంబ్రిడ్జి విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగాల్లోంచి వచ్చిన ఈ పుస్తకం 1929లో అచ్చయింది. దాన్ని పాఠం చెప్పేటప్పుడు మనం సొంత గది గురించీ, ఏడాదికి ఐదువందల పౌన్ల గురించీ చెప్తాం. కూజా గురించి చెప్పం. కానీ శతాబ్దాల పాటు డబ్బు ఎవరి చదువుకి చేరిందో, ఎవరి చదువుకి చేరలేదో వూల్ఫ్ చూపించింది ఆ బల్లమీద ఉన్న పాత్రలతోనే.

అమెరికాలో ఈ పాత్ర మధ్యతరగతి ఇంట్లోకి వచ్చింది. 1933లో మద్యనిషేధం ఎత్తేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శివారు ఇళ్లు పెరిగాయి, ఇంట్లో కాక్‌టెయిల్ విందులు ఇవ్వడం గృహిణి బాధ్యతల్లో చేరింది. వెస్ట్ వర్జీనియాలోని మిల్టన్‌లో ఉన్న బ్లెంకో కంపెనీ అంతకుముందు చర్చి కిటికీలకి రంగు గాజు పలకలు చేసేది. 1947లో విన్‌స్లో ఆండర్సన్‌ని డిజైనర్‌గా పెట్టుకుంది. 1953లో వేన్ హస్టెడ్, 1963లో జోయెల్ ఫిలిప్ మయర్స్ వచ్చారు. నిప్పురంగులోంచి పసుపులోకి జారే టాంజరిన్, సముద్రపు ఆకుపచ్చ, ముంజేతికంటే పొడుగున్న బిరడాలు. ఇవాళ సేకర్తలు వెతికేవి ఇవే. కొన్ని ఎంత పెద్దవంటే, వాటిలోంచి ఒంపాలంటే రెండు చేతులూ కావాలి. ఒంపడానికంటే చూడ్డానికే చేశారనిపిస్తుంది.

1963లోనే బెట్టీ ఫ్రీడన్ ‘ది ఫెమినిన్ మిస్టీక్’ వచ్చింది. అలాంటి ఇళ్లలోని స్త్రీలని ఏ అసంతృప్తి తినేస్తోందో ఆ పుస్తకం చెప్పింది. రంగు గాజు చరిత్ర ఆ పుస్తకాన్ని పట్టించుకోదు. డిజైనర్ల మీదుగా, రంగుల మీదుగా, సంవత్సరాల మీదుగా నడుస్తుంది. ఆ సీసాని కొన్నదెవరు, తుడిచిందెవరు, అది మధ్యలో పెట్టుకుని ఎవరు ఎవర్ని మెప్పించాల్సి వచ్చింది అనే ప్రశ్నలకి అందులో చోటులేదు.

ఆ జవాబు నాకు ఒక టీవీ ధారావాహికలో దొరికింది. 1965 నుంచి 1970 దాకా వచ్చిన ‘ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ’లో వ్యోమగామి ఒక నిర్జన ద్వీపంలో సీసా బిరడా తీస్తాడు. అందులోంచి బార్బరా ఈడెన్ వస్తుంది, అతన్ని యజమానీ అని పిలుస్తుంది. ఆ సీసా నిజంగా ఒక డికాంటరే. జిమ్ బీమ్ విస్కీ కంపెనీ 1964 క్రిస్మస్‌కి తెచ్చినదానికి స్టూడియోవాళ్లు రంగులేశారు. జీనీకి అన్నీ చెయ్యగల శక్తి ఉంది, దాన్ని వాడొద్దని అతను ఆంక్ష పెడతాడు. పైఅధికారి వస్తే ఆమె కనపడకూడదు, చాలాసార్లు సీసాలోకి వెళ్లిపోవాలి. అది హాస్యం కాబట్టి అందరూ నవ్వారు. నాకు మాత్రం అందులో ఆనాటి గృహిణి ఉద్యోగ వర్ణనంతా కనిపించింది. శక్తి ఉండాలి, అది ఇంటికి పనికిరావాలి, అతిథి ముందు జాడ తెలియకూడదు. అదే నమూనా సీసాలకి టీవీలో ఉన్నట్టు రంగులేసి సేకర్తలు ఇప్పటికీ షెల్ఫుల్లో పెట్టుకుంటున్నారు.

మరి గాజు తయారైన చోట స్త్రీలు లేరా? ఇటలీలో టస్కనీ ప్రాంతపు ఎంపోలి నుంచి యుద్ధం తర్వాత పొడుగు బిరడాల రంగు సీసాలు అమెరికాకి చాలా వెళ్లాయి. వాటిమీద తరచూ ఇటలీలో తయారైందనే కాగితం చీటీ తప్ప ఏమీ ఉండదు. అదే ఎంపోలిలో అంతకుముందు తరాల స్త్రీలు వైన్ సీసాల చుట్టూ ఎండుగడ్డి అల్లేవారు. కొలిమి దగ్గర మగవాళ్లు ఊదిన గాజు పగలకుండా కాపాడింది ఇళ్లలో కూర్చుని చాలీచాలని కూలికి వాళ్లు చేసిన అల్లిక. ఫిరోజాబాద్‌లో కొలిమి నుంచి వచ్చిన గాజుల అతుకుల్ని ఇళ్లలో మంట ముందు కూర్చుని అతికించేది కూడా ఎక్కువగా ఆడవాళ్లే. తెలుగులో సీసా చేసే పదార్థానికీ, చేతికి వేసుకునేదానికీ ఒకటే మాట. మగవాణ్ణి తిట్టాలంటే గాజులు తొడుక్కున్నావా అంటాం. అదే గాజు డికాంటరై అతని చేతిలోకొస్తే హోదా అవుతుంది.

సారాకి వ్యతిరేకంగా పోరాడిన నేలమీద డికాంటర్ల ముచ్చటేమిటని మీలో కొందరికి కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైందే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతుల్లో చదువుకుని, సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ స్త్రీలు చూసిన సారా ప్లాస్టిక్ ప్యాకెట్లో వచ్చేది. దానికి రంగులేదు, బిరడా లేదు, దాన్నెవరూ సేకరించరు. తాగి వచ్చి కొట్టే చెయ్యి మాత్రం అన్ని ఇళ్లలోనూ ఉండగలదు. పేదవాడి తాగుడు సమస్యగానూ, ఉన్నవాడి తాగుడు అభిరుచిగానూ కనిపించడంలో ఈ అందమైన పాత్రకి కూడా వాటా ఉంది. అందుకే దీని గురించి మనం మాట్లాడాలంటున్నాను.

అక్కని ఆ సీసాలు పారెయ్యమని నేను అనను. ఎండ పడినప్పుడు ఆ ఎరుపు గోడమీద పరుచుకోవడం చూస్తూ ఒక స్త్రీ తనకోసం నిలబడే ఐదు నిమిషాలు నాకు విలువైనవి. సీసపు గాజు డికాంటర్లలో మద్యం నిలవుంచితే సీసం దిగుతుందని 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది కాబట్టి, అలాంటి వాటిలో రోజుల తరబడి ఏదీ పొయ్యొద్దని మాత్రం చెప్తాను. ఇంకొక్కటి అడుగుతాను. మీ దగ్గరున్న ప్రతి సీసాకీ ఒక చీటీ రాయండి. డిజైనర్ పేరూ, ఏడాదీ ఎలాగూ రాస్తారు. ఎవరింట్లోంచి వచ్చింది, ఆ ఇంట్లో దాన్ని ఎవరు కొన్నారు, ఎవరు కడిగేవారు అన్నది కూడా తెలిసినంత రాయండి. మీ పేరు రాయడం మర్చిపోకండి.