బొమ్మ తల దువ్వే చేతులు

అమెరికాలో గరాజ్ సేల్ బల్లల మీద, అట్టపెట్టెల అడుగున పడుండే పాత బార్బీల జుట్టు చూస్తే ఎవరికైనా కత్తెర అందుకోబుద్ధేస్తుంది. అందుకోకండి. ఆ ముద్దను ఒక్క పోగు తెగకుండా విడదీసి, ముంగురులు చుట్టి, 1959 నాటి పోనీటెయిల్‌ను మళ్లీ నిలబెట్టగల చేతులు ఆ దేశంలో ఉన్నాయి. ఆ పనిని పిల్లలాట అని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ. మనిషి తల మీద కత్తెర తప్పితే కొన్నాళ్లకు జుట్టు మళ్లీ వస్తుంది. బొమ్మ తల మీద తప్పితే ఇక అంతే సంగతులు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1934లో ఐడియల్ కంపెనీ తెచ్చిన షెర్లీ టెంపుల్ బొమ్మది మోహేర్ విగ్గు, అంటే అంగోరా మేక బొచ్చు. 1950 ప్రాంతంలో అదే కంపెనీ టోనీ బొమ్మకు నైలాన్ జుట్టు పెట్టి, పంచదార నీళ్లతో తడిపి చుట్టుకోమని కర్లర్లు కూడా చేతికిచ్చింది. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో రూత్ హ్యాండ్లర్ బార్బీని బయటపెట్టింది. 1963లో ఫ్యాషన్ క్వీన్ బార్బీ మూడు విగ్గులతో వచ్చింది. 1992 నాటి టోటల్లీ హెయిర్ బార్బీకి తల నుంచి పాదాల దాకా పదిన్నర అంగుళాల జుట్టు. కోటికి పైగా అమ్ముడైంది! బొమ్మను అమ్మిపెట్టేది జుట్టేననడానికి వేరే సాక్ష్యం ఎందుకు?

ఇక అసలు పని. బొమ్మ చేతిలోకి రాగానే నిపుణురాలు దువ్వెన తీయదు, జుట్టు ఏ ప్లాస్టిక్ పోగో వేళ్లతో తడిమి చూస్తుంది. జారుతూ, బరువుగా, మెరుస్తూ ఉంటే సరాన్. మెత్తగా, తేలిగ్గా, కొసల్లో పీచులా రేగుతుంటే కనెకలాన్. పొడిబారి, మెరుపు చచ్చి, బిరుసుగా ఉంటే పాలీప్రొపిలీన్. సరాన్ మరిగిన నీళ్లకు తట్టుకుంటుంది. కనెకలాన్‌తో మాత్రం వేడి దగ్గర జాగ్రత్త. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనుషుల జుట్టు సాపుచేసే ఇస్త్రీ కర్ర 200 దాకా కాగుతుంది. ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చిక్కు తీసే సూత్రం మన అమ్మమ్మలందరికీ తెలిసిందే: కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, కుదుళ్ల నుంచి కిందికి లాగకూడదు. పాయలు పాయలుగా విడదీసి, తడిపి, ఒక్కో పాయను వేళ్ల మధ్య బిగించి పట్టి దువ్వాలి. లాగుడు భారం వేళ్ల మీద పడాలే గాని కుదురు మీద పడకూడదు. తరవాత ఉంగరాలు. పాయను స్ట్రా చుట్టూ గాని పైప్ క్లీనర్ చుట్టూ గాని బిగువుగా చుట్టి, కొసను చక్కగా లోపలికి మడిచి, వేడినీళ్లు పోసి, వెంటనే చన్నీళ్లు పోస్తారు. ప్లాస్టిక్ పోగు వేడికి మెత్తబడి, చల్లారగానే ఆ వంపును పట్టేస్తుంది. కొస ఒక్కటి వంకరగా మడిచారా, ఆ వంకరే శాశ్వతం. మంచి పనిమంతురాలి కొస చూడండి, ఎక్కడ మొదలైందో కనిపించదు.

2011లో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో కొందరు నల్లజాతి మహిళలు కూడి, తిన్నని జుట్టున్న నల్ల బార్బీలకు ఈ పైప్ క్లీనర్, వేడినీళ్ల పద్ధతిలోనే ఉంగరాల జుట్టు తీర్చి పిల్లలకు పంచారు. నా లెక్కలో ఈ విద్యకు అదే శిఖరం. 1980లో డిజైనర్ కిటీ బ్లాక్ పెర్కిన్స్ మొదటి నల్ల బార్బీకి పొట్టి ఆఫ్రో పెట్టింది, సరే. ఆ తరవాత తిన్నని జుట్టుతో వచ్చిన బొమ్మలకు తమ పిల్లల జుట్టులాంటి జుట్టు పెట్టింది మాత్రం ఇళ్లలోని ఆడవాళ్లే.

అమెరికన్ గర్ల్ బొమ్మల సంగతి వేరు. 1986లో ప్లెజెంట్ రోలాండ్ మొదలుపెట్టిన ఈ పద్దెనిమిది అంగుళాల బొమ్మలకు తలకంటించిన విగ్గు ఉంటుంది. నీళ్లు ధారగా పోయకూడదు. కళ్లలోకి దిగితే లోపలి లోహం తుప్పు పడుతుంది. పొగమంచులా చిలకరించి, తీగపళ్ల బ్రష్‌తో మెల్లిగా దువ్వాలి. మన తల దువ్వుకున్న బ్రష్ దానికి తగలనివ్వకూడదు, మన జిడ్డు అంటుకుంటుంది. ఈ వరసలో 2023లో వచ్చిన కావి శర్మ బొమ్మ, కథలో న్యూజెర్సీ మెటచెన్ పిల్ల, ఎడిసన్ తెలుగువాళ్లకు పక్కింటమ్మాయే. ఆమెకు కొబ్బరినూనె రాయకండమ్మా, దుమ్ము పట్టి పోతుంది! సంక్రాంతి బొమ్మల కొలువులో కూర్చోబెడితే పూలజడకు గుడ్డపూలు చాలు.

పాత జుట్టు బొత్తిగా పోతే కొత్తది నాటాలి. తల వేడినీటిలో మెత్తబరిచి మెడ నుంచి ఊడదీసి, పాత కుచ్చులు పీకి, వందల రంధ్రాల్లో ఒక్కో కుచ్చు గుచ్చి లోపల ముడి వేయాలి. ముడి లేకుండా జిగురుతో సరిపెట్టేవాళ్లున్నారు. నాకు ముడి వేసేవాళ్లంటేనే గౌరవం. కంపెనీలో చుట్టిన మొదటి అమరిక చెక్కుచెదరకుండా ఉన్న 1959 బొమ్మను మాత్రం ఎంత గొప్ప చెయ్యీ తాకకూడదు. సేకర్తలు ధర కట్టేది ఆ అమరికకే.

ఇప్పుడు నా కడుపుమంట. కొన్ని కంపెనీలు పెట్టేది చవక పోగు, తల నిండా జిగురు. ఆ జిగురు కొన్నాళ్లకు రంధ్రాల్లోంచి పైకి ఊరి జుట్టంతా బంకబంక చేస్తుంది, ఎన్నిసార్లు కడిగినా మళ్లీ ఊరుతుంది. పిల్ల చేతిలో ఆర్నెల్లకు అట్ట కట్టిపోయే జుట్టును కావాలనే పెడుతున్నారా అనిపిస్తుంది. ఇంకో పక్క బట్టల సాఫ్ట్‌నర్‌లో ముంచి తీసి, పైపై నిగారింపు చూపించి ‘పూర్వరూపం’ అని అమ్మేవాళ్లు. కొత్తగా నాటిన తలను అసలు జుట్టని చెప్పి పాత బొమ్మ ధర గుంజేవాళ్లు. ఇది విద్య కాదు, పచ్చి మోసం.

అమ్మేవాళ్లు చేసిన పని చెప్పి అమ్మాలి. కొనేవాళ్లు పాపిడి విడదీసి కుదుళ్ల వరస చూసుకోండి. చొక్కాకు నూలో పాలిస్టరో చీటీ కుట్టినట్టు, బొమ్మ జుట్టు ఏ పోగో పెట్టె మీద అచ్చువేయమని కంపెనీలకు రాయండి. మీ అమ్మాయి పాత బార్బీ అటక మీద ఉంటే పారేయకండి, ముందు ఒకసారి దువ్వి చూడండి, కొసల నుంచి.