కచేరి మాటల పనితనం

వనపర్తి కోర్టు ఆవరణలో ఒక గంట నిలబడండి. "ఇయ్యాల పేషీ ఉన్నది", "జమానతు దొరికిందా?", "గవాయి రాలె, వాయిదా పడ్డది". పేషీ అంటే విచారణ, జమానతు అంటే బెయిలు, గవాయి అంటే సాక్షి. ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనుషుల నోట ఈ మాటలు అలవోకగా దొర్లుతాయి. వీటిని ఏ సంఘమూ కూర్చుని తయారుచేయలేదు. నిజాం కాలపు ఉర్దూ కచేరీలలో తిరిగి తిరిగి, అవసరం కొద్దీ జనం అరగదీసి నున్నగా చేసుకున్నవి. ఆ పనితనం నాకు ఎంతో ఇష్టం.

ఫారసీలో 'ఫర్యాద్' అంటే ఆదుకోమని పెట్టే మొర. మన ఫిర్యాదులో ఆ మొర ఇంకా వినిపిస్తుంది. వాయిదాకు మూలం అరబీ 'వాదా', అంటే మాట ఇవ్వడం. ఫలానా తేదీన నీ గోడు వింటామని కోర్టు ఇచ్చిన మాట అది.

ముద్దాయి సంగతి మరీ విచిత్రం. అరబీ, ఉర్దూలలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. దావా ఎవరి మీద పడిందో అతను 'ముద్దా అలైహ్'. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి బోను ఎక్కాడు! ఆ రెండో మాట తోక జనం నోట ఊడిపోయి ఉంటుందని నా ఊహ. ఖాళీ అయిన చోట్లో ఫిర్యాది వచ్చి కూర్చున్నాడు.

అన్నిటికన్నా తీర్పు దగ్గర ఆగిపోతాను. మారు, మార్చు, మార్పు. కూరు, కూర్చు, కూర్పు. అదే అచ్చులో తీరు, తీర్చు, తీర్పు. ఆకలి తీరుస్తాం, అప్పు తీరుస్తాం, వాకిట్లో ముగ్గు తీరుస్తాం. బాధ పోగొట్టడం, బాకీ చెల్లించడం, చెదిరినదాన్ని వరుసలో పెట్టడం, మూడూ ఒక్క ధాతువులో ఉన్నాయి. న్యాయాధికారి చేయవలసిన పని ఇంతకన్నా బాగా ఏ నిర్వచనం చెబుతుంది?

నేరాల పేర్లలోనూ మెట్లున్నాయి. అనుమతి లేకుండా సొమ్ము తీస్తే దొంగతనం. కొట్టి, బెదిరించి లాక్కుంటే దోపిడీ. ఐదుగురు, ఆపైన కలిసి చేస్తే బందిపోటు. 1860 నాటి శిక్షాస్మృతి గీసిన ఈ గీతలు, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ చెక్కుచెదరలేదు. సెక్షన్ల అంకెలు మాత్రం మారాయి. మోసగాణ్ని 'ఫోర్ ట్వంటీ' అని తిట్టిన నోళ్లకు 318 ఎప్పటికి అలవాటవుతుందో!

వాంగ్మూలం సంస్కృతం నుంచి వచ్చింది. వాక్కు, మూలం. చావుబతుకుల్లో ఉన్న మనిషి చెప్పేది మరణ వాంగ్మూలంగా రాసుకునేటప్పుడు, వీలైనంతవరకు ఆ మనిషి పలికిన మాటలే కాగితం మీదికి ఎక్కాలి. పాలమూరు యాస పాలమూరు యాసగానే. అక్కడ మాటను సవరించడమంటే మూలాన్ని తెంపడమే.

ఇలాంటి వాడుక మాటల విలువ ఎరిగినవాడు సురవరం ప్రతాపరెడ్డి. న్యాయశాస్త్రం చదివాడు, 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచాడు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కోసం రాజుల వరుసను పక్కనపెట్టి, కావ్యాలలో దాగిన తిండి, బట్ట, ఆట, పండుగల పేర్లను ఏరాడు. మామూలు మాటలే ఆయనకు సాక్ష్యాలు.

ఆయన పోయిన డెబ్బై ఏళ్లకు, 2023 జూన్‌లో, తెలంగాణ హైకోర్టులో జస్టిస్ నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం ఒక భూమి తగాదాలో తెలుగులో తీర్పు రాసింది. తగాదా పడినవాళ్లు అన్నదమ్ములు. తమ గురించి కోర్టు ఏమన్నదో వాళ్లు ఇంకొకరిని అడగనక్కర లేకుండా చదువుకోగలిగారు.