సజ్జ మీది వీడియో గేమ్, మెదడు శాస్త్రం

నాడీవ్యవస్థ గురించి ఇటీవలి సంవత్సరాల్లో పండితుల మధ్య బాగా చర్చకు వచ్చిన పరిశోధనల్లో కొన్ని, చిత్రంగా, ఇప్పుడు ఎవరూ పెద్దగా కొనని పాత వీడియో గేముల చుట్టూ తిరిగాయి. దీన్ని పరిశోధకుల సరదా అని తీసిపారేయడానికి వీల్లేదు. మెదడు ఒక పనిని ఎలా చేస్తుందో తెలుసుకోవాలంటే ముందు ఆ పని ఏమిటో పూర్తిగా తెలిసి ఉండాలి. పాత ఆటల్లో తెర చిన్నది, నియమాలు కొన్నే, గెలుపోటములు క్షణాల్లో తేలిపోతాయి కాబట్టి అవి ఆ అవసరానికి సరిపోయాయి. ఆ ఆటల మీద బెంగ పెట్టుకున్న తరానికి ఈ పరిశోధనల్లో తమ వాటా కూడా ఉందని తెలియదు.

కాజీపేట, విజయవాడల మధ్య రైలుమార్గం మీది నెక్కొండ లాంటి మండల కేంద్రాల్లో 1990ల చివర, 2000ల మొదట్లో పెరిగినవారికి వీడియో గేమ్ అంటే జపాన్‌లో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫ్యామికామ్ అసలు యంత్రం కాదు, దానికి నకలుగా తయారై టీవీకి తగిలించుకునే చవక పెట్టె. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉన్నా లోపల ఉండేవి పదుల్లోనే, మిగిలినవన్నీ వాటికే పేర్లో వేగమో మార్చి మళ్లీ చూపించినవి; అయినా ఎవరూ మోసపోయామని అనుకోలేదు, మారియో, కాంట్రా ఉంటే చాలు. ఆట మొదలు కాకపోతే క్యాసెట్‌ను బయటికి లాగి, దాని అడుగున వరుసగా ఉన్న 60 లోహపు పట్టీల మీద నోటితో గట్టిగా ఊది మళ్లీ దూర్చడం ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ తెలిసిన వైద్యం. నిజానికి ఊదడం వల్ల మేలు జరగదు, నోటి తేమ తగిలి పట్టీలు మెల్లగా చిలుము పడతాయి. క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడంలో పట్టీ కొంచెం జరిగి కొత్తచోట తాకడమే ఆట నడవడానికి కారణం. కానీ ఊదినప్పుడల్లా ఆట వచ్చింది కనుక ఊదడమే మందు అని చేతులు నేర్చుకున్నాయి, ఇన్నేళ్లు గడిచినా ఆ అలవాటు మరిచిపోలేదు.

ఆ పెట్టెను విప్పితే లోపలి సర్క్యూట్ పలక మీద ఒక నల్లటి జిగురు ముద్ద కనిపిస్తుంది, దాని కింద ఉండే చిప్ ఫ్యామికామ్ చిప్‌కు నకలు, ఆ ఫ్యామికామ్ చిప్ గుండెకాయ 1975లో అమెరికాలో తయారైన 6502 అనే మైక్రోప్రాసెసర్ నమూనాది. లెక్కలు చేసి, ఆజ్ఞలను వరుసగా అమలుపరిచే చిన్న సిలికాన్ ముక్కనే మైక్రోప్రాసెసర్ అంటారు. 6502లో ఉన్నవి సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు, అంటే విద్యుత్తును పారనివ్వడమో ఆపడమో చేసే సూక్ష్మమైన స్విచ్‌లు. ఎరిక్ జోనస్, కోన్రాడ్ కోర్డింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చిప్‌నే మెదడు స్థానంలో నిలబెట్టి, నాడీశాస్త్రం రోజూ వాడే పద్ధతులను దాని మీద ప్రయోగించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. డాంకీ కాంగ్, స్పేస్ ఇన్‌వేడర్స్, పిట్‌ఫాల్ అనే మూడు ఆటలను ఆ చిప్ కంప్యూటర్ నమూనాలో నడిపించి, ఒక్కో ట్రాన్సిస్టర్‌నూ పాడుచేసి ఏ ఆట ఆగిందో చూశారు. మెదడులో ఒక భాగం దెబ్బతిన్న రోగికి ఏ శక్తి పోయిందో గమనించి ఆ భాగం పని ఫలానాది అని తేల్చే పద్ధతి ఇదే.

ఫలితం నవ్వు పుట్టించేదే. కొన్ని ట్రాన్సిస్టర్లు పోతే డాంకీ కాంగ్ మాత్రమే ఆగింది, మిగతా రెండూ నడిచాయి. అంతమాత్రాన అవి డాంకీ కాంగ్ కోసం పుట్టిన ట్రాన్సిస్టర్లని చెబితే కంప్యూటర్ ఇంజనీరు ఎవరూ ఒప్పుకోడు, ఎందుకంటే అవి ఏ ఆటకైనా పనికివచ్చే సాధారణ లెక్కల్లో భాగాలు. మనుషులే గీసి, మనుషులే తయారుచేసిన చిప్‌నే ఈ పద్ధతులు సరిగ్గా వివరించలేకపోతే, సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడులో ప్రేమకు ఒక భాగం, భయానికి ఒక భాగం అని వార్తల్లో వచ్చే మాటలను ఎంతవరకు నమ్మాలన్నది ఆ పత్రం చదివితే పుట్టే ప్రశ్న. ఇటీవలి నాడీశాస్త్రంలో ఇంతకంటే ఆరోగ్యకరమైన ఆత్మవిమర్శ అరుదు.

ఆ పరిశోధనకు చిప్ నమూనా దొరికింది పెద్ద ప్రయోగశాల నుంచి కాదు. పాత యంత్రాల మీద మమకారంతో కొందరు ఔత్సాహికులు 6502ను విప్పి, సూక్ష్మదర్శిని కింద ఫొటోలు తీసి, ఒక్కో తీగనూ ఒక్కో ట్రాన్సిస్టర్‌నూ గీతలుగా మార్చి 2010 నాటికి అందరి ముందూ పెట్టారు. పాత ఆటల పిచ్చి అని ఇంట్లోవాళ్లు విసుక్కునే పనే శాస్త్రానికి ముడిసరుకు అయింది.

చిన్ననాడు మమకారంతో ఆడిన ఆట బొమ్మలకు మెదడులో చోటు ఎక్కడన్నది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో కొంత తేల్చారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల వయసులో గేమ్‌బాయ్ అనే చేతియంత్రం మీద పోకెమాన్ ఆట మొదలుపెట్టిన 11 మంది పెద్దవాళ్లనూ, ఆ ఆట తెలియని మరో 11 మందినీ పడుకోబెట్టి, రక్తప్రవాహంలో మార్పును బట్టి మెదడులో ఏ భాగం పనిలో ఉందో లెక్కగట్టే ఫంక్షనల్ ఎంఆర్ఐ తీశారు. పోకెమాన్ బొమ్మలు చూపించగానే ఆడినవారి మెదడులో, చెవుల వెనుక ఉండే ఒక మడతలో, ఇతరుల్లో లేని స్పందన దాదాపు ఒకేచోట కనిపించింది. బొమ్మలు చిన్న తెర మీద ఉండటం వల్ల పిల్లలు వాటిని చూపు మధ్యభాగంతోనే చూశారు, ఆ మధ్యచూపును అందుకునే మెదడు భాగంలోనే ఆ గుర్తు పడింది. చిన్ననాటి ఆట గుర్తుండిపోవడం వట్టి భావుకత కాదు, మెదడు స్పందనలో దానికి ఆనవాలు ఉంది.

కంటి సంగతి అది. వేళ్ల సంగతి వేరే: సంఘటనలను గుర్తుంచుకోవడం, పనిని చేతికి అలవాటు చేసుకోవడం మెదడులో రెండు వేర్వేరు దారులని 1962లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త చూపించారు, అందుకే కాంట్రాలో ఏ మెట్టు దగ్గర ఎగరాలో నోటితో చెప్పలేనివారి బొటనవేలు సరిగ్గా అక్కడే మీట నొక్కుతుంది.

ఇక 2022 అక్టోబరులో మెల్‌బోర్న్ పరిశోధకులు గాజుపాత్రలో పెంచిన సుమారు ఎనిమిది లక్షల నాడీకణాలకు 1972 నాటి పాంగ్ ఆట నేర్పామని ప్రకటించారు. వాటిలో కొన్ని ఎలుక పిండానివి, కొన్ని మానవ మూలకణాల నుంచి, అంటే ఏ రకం కణంగానైనా మారగల కణాల నుంచి తయారుచేసినవి. బంతి బ్యాటుకు తగిలితే క్రమబద్ధమైన విద్యుత్ సంకేతాన్ని, తప్పితే గజిబిజి సంకేతాన్ని ఇచ్చారు, అయిదు నిమిషాల్లోనే బంతిని ఆపడం మెరుగుపడిందని చూపించారు. ఈ కణాలు సంకేతం పంపడానికి ఖర్చు చేసే ఏటీపీ అనే ఇంధనాన్ని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కాబట్టి తెలుగువారికి ఈ కథ మరీ పరాయిది కాదు. ప్రయోగం గొప్పదే, ఆ పాత్రకు ఎరుక ఉందన్నట్టు పత్రం శీర్షికలో వాడిన మాట మాత్రం అతి, మరుసటి ఏడాది తోటి శాస్త్రవేత్తలు రాతపూర్వకంగానే దానికి అభ్యంతరం చెప్పారు. బంతిని ఆపడానికి ఎరుక అక్కరలేదని ఆ పాత చిప్‌లు ఎప్పుడో చూపించాయి.

నెక్కొండలోనో చుట్టుపక్కల ఊళ్లలోనో సజ్జ మీద అలాంటి పెట్టె ఇంకా ఉన్నవారు దాన్ని పాత సామాన్లవాళ్లకు కిలోల లెక్కన వేయకుండా దించాలి. క్యాసెట్ పట్టీలను ఊదకుండా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక పెట్టి చూడాలి. కొత్త టీవీకి పాత రంగు తీగలు తగిలించే చోటు లేకపోతే దానికి చిన్న మార్పిడి పరికరం దొరుకుతుంది. ఆట నడిస్తే ఊళ్లోని బడి సైన్సు ఉపాధ్యాయులకు ఒకరోజు అప్పు ఇవ్వండి, నాడీవ్యవస్థ పాఠం చెప్పే రోజున అది పిల్లలకు పనికొస్తుంది.