వేరు, కాండం: మన బడి పాఠంపై ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలో వృక్షశాస్త్రం చదివిన వారినెవరినైనా "వేరు చేసే పని ఏమిటి?" అని అడిగితే, మొక్కను నేలలో నిలబెట్టడం, నీటిని, లవణాలను పీల్చుకోవడం అని తడుముకోకుండా చెబుతారు. "మరి కాండం?" అంటే, ఆకులను, పూలను మోయడం, నీటిని పైకి, ఆహారాన్ని క్రిందికి చేరవేయడం అంటారు. ఈ జవాబులకు మార్కులు పూర్తిగా పడతాయి. పుస్తకాలు మారినా, బొమ్మలకు రంగులు వచ్చినా ఈ వాక్యాలు మాత్రం చెక్కుచెదరలేదు. వీటిలో పూర్తిగా అబద్ధమైనది లేదు గాని, ఉన్న నిజం సగమే. ఆ సగం నిజంతో మోతె మండలంలోని ఒక విద్యార్థి తన ఇంటి చేనును అర్థం చేసుకోగలడా అన్నది విచారింపదగిన ప్రశ్న.

మోతె సూర్యాపేట జిల్లాలోనిది. నీటి వసతి ఉన్న చోట వరి, మెట్ట చేలలో పత్తి, మిరప, కంది, గట్ల మీద తాటిచెట్లు ఈ ప్రాంతానికి పరిచితమైనవి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఇక్కడ కుండపోతగా వానలు కురిశాయి. కోదాడ పట్టణంలో వీధులు నీట మునిగాయి; ఇదే జిల్లా నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది; పైర్లు దెబ్బతిన్నాయి. ఇటువంటి వాన తరువాత నీరు బయటికి పోని పత్తిచేనును చూస్తే ఒక వింత కనబడుతుంది. మొదళ్ళ చుట్టూ నీరు నిలిచి ఉండగానే ఆకులు వాడి వ్రేలాడతాయి. ఎండలకు నీరందక వాడిన మొక్కకూ దీనికీ చూపులో తేడా తెలియదు. ప్రక్క మడిలో వరి మాత్రం, తల మునగనంతవరకు, అదే నీటిలో పచ్చగా నిలుస్తుంది. "వేరు నీటిని పీల్చుకొనును" అన్న వాక్యం దీనికి జవాబు చెప్పలేదు. అంతేకాదు, ఆ ఒక్క వాక్యమే తెలిసినవాడు చేనిలో నీరు నిలిస్తే పైరుకు మేలే అనుకోవచ్చు.

పాఠం విడిచిపెట్టిన సంగతి ఏమంటే, వేరు కూడా ఊపిరి పీల్చుతుంది. లవణాలను లోనికి లాగుకోవడానికి దానికి శక్తి కావాలి. ఆ శక్తి శ్వాసక్రియ వలన వస్తుంది. శ్వాసక్రియకు ఆక్సిజన్ కావాలి. మామూలు నేలలో మట్టి రేణువుల సందులలో గాలి ఉంటుంది. వాన నీరు ఆ సందులను నింపిందంటే గాలి వెళ్ళిపోతుంది. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు తక్కువ. మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు త్వరలోనే వాడుకుంటాయి. ఊపిరాడని వేరు కణాల పొరలు నీటిని మునుపటంత సులభంగా లోనికి పోనీయవు. పైన ఆకులు నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటాయి. కాండంలోని నీటి తీగను పైకి లాగేది ముఖ్యంగా ఈ ఆవిరి కావడమేనని డిక్సన్, జోలీ అనే ఐరిష్ శాస్త్రజ్ఞులు 1894లో ప్రతిపాదించారు. పై నుండి లాగుడు ఆగదు, క్రింది నుండి సరఫరా తగ్గింది. ఇక మొక్క వాడక ఏమి చేస్తుంది?

వరి ఈ చిక్కును తన నిర్మాణంతోనే దాటింది. దాని వేరును అడ్డంగా పలుచగా కోసి భూతద్దంతో చూస్తే లోపల కణాలు నిండుగా ఉండవు. గాలి గదులు బోలుబోలుగా కనిపిస్తాయి. ఆకు తొడిమల నుండి, కాండం మీదుగా, వేరు కొనల దాకా గాలికి ఒక త్రోవ ఉన్నది. ఇంత చక్కని ఉదాహరణ బడి గోడ అవతలనే ఉండగా, పాఠాలు వేళ్ళ శ్వాసను చెప్పవలసి వచ్చినప్పుడు మడచెట్ల బొమ్మ వేసి ఊరుకుంటాయి. మడచెట్లను చూడాలంటే మోతె పిల్లలు కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోటికి పోవాలి! మడచెట్టు బొమ్మ ఉండడం తప్పు కాదు. వరి బొమ్మ లేకపోవడం తప్పు.

"ఆహారాన్ని క్రిందికి" అన్న మాట మరింత ఇబ్బందికరమైనది. చెట్టు బెరడును వలయంగా తీసివేస్తే ఆ గాటుకు పైభాగం ఉబ్బుతుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీజీ 17వ శతాబ్దంలోనే చూపాడు. పాఠంలోని వాక్యానికి ఆధారం అటువంటి ప్రయోగాలే. కాని నాటిన పసుపు కొమ్ము సంగతి ఏమిటి? ఇంకా ఆకు విప్పని మొలకకు ఆహారం మట్టిలోని కొమ్ము నుండి పైకే పోవాలి కదా. తాటిచెట్టును చూసినా తెలుస్తుంది. గీత కార్మికుడు తలమీది గెల కొనను రోజూ పలుచగా చెక్కి లొట్టి కడతాడు. అందులోకి దిగే తియ్యని రసం దారువులోని వట్టి నీరు కాదు, పోషక కణజాలం తెస్తున్న చక్కెర నీరు. అది వేరు వైపు పోకుండా గెల వైపు ఎందుకు వస్తున్నది? చక్కెర తయారైన లేక నిలువ ఉన్న చోటి నుండి ఖర్చయ్యే చోటికి, ఒత్తిడిలోని తేడా వలన రసం ప్రవహిస్తుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు మ్యుంక్ 1930లో వివరించాడు. పైకా, క్రిందికా అన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది.

తాటిచెట్టు మరొక పాఠాన్ని కూడా ఇబ్బంది పెడుతుంది. వలయాలు లెక్కించి చెట్టు వయస్సు చెప్పవచ్చునని చదివిన విద్యార్థి, నరికిన తాటి మొద్దు దగ్గర కూర్చుంటే లెక్కకు ఒక్క వలయమూ దొరకదు. ఏటేటా కొత్త దారువును చేర్చే విభాజ్య పొర దానికి లేదు. నాళికాపుంజాలు చెదురుగా ఉండి, అంచు వైపు దట్టంగా క్రిక్కిరిసి ఉంటాయి. తాటి దూలానికి పైభాగమే గట్టిగా, నడుము మెత్తగా ఉండడానికి కారణం ఇదే.

మర్రి ఊడలు, నాగజెముడు మట్టలు మొదలైన రూపాంతరాలను పాఠాలు బాగానే చెబుతున్నాయి. దుంపల దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ తడబాటు. నేల లోపలిది వేరు, నేల పైది కాండం అని మొదటి పేజీలో చెప్పి, తరువాతి పేజీలో ఆలుగడ్డ కాండమంటే పిల్లలు కంఠస్థం చేయక ఏమి చేస్తారు? తెలంగాణ పలుకుబడిలో "గడ్డ" అన్న ఒక్క మాట ఎంత విశాలమైనదో చూడండి: ఆలుగడ్డ కాండం, మోరంగడ్డ వేరు, ఉల్లిగడ్డలో తినేది చాలావరకు ఆకుల మొదళ్ళు. (పల్లీలకు పుస్తకాలలో వాడే "వేరుశనగ" అన్న పేరు ఇంకా చిత్రమైనది, అది వేరు కాదు, పూచిన తరువాత మట్టిలోకి దిగి కట్టిన కాయ.) మొలక వచ్చింది కనుక కాండమే అని కొందరు చెబుతారు. అదీ నిలవదు, మోరంగడ్డ కూడా మొలకెత్తుతుంది. కణుపులు, వాటి దగ్గర వరుసలో ఏర్పడిన మొగ్గలు ఉన్నాయా అని చూడాలి. ఆలుగడ్డ "కళ్ళు" అటువంటివే. లేత వేరులో దారువు, పోషక కణజాలం వేరువేరు వ్యాసార్థాల మీద మారుమారుగా ఉంటాయి; మామూలు కాండంలో రెండూ ఒకే పుంజంలో కలిసి ఉంటాయి. ఈ భేదం పాఠంలో ఉన్నది. అయితే అడ్డుకోత బొమ్మలకే పరిమితమై, గడ్డల దాకా రాలేదు.

ప్రయోగశాల లేని బడిలోనూ ఉపాధ్యాయుడు దీనిని చూపవచ్చు. అడుగు చిల్లు మూసిన రెండు కుండలలో ఒకదానిలో కంది, రెండవదానిలో వరి పెంచి, మొలకలు జానెడు ఎదిగిన తరువాత మట్టి మీద రెండు వేళ్ళ ఎత్తున నీరు నిలిపితే చాలు. కంది ఆకులు ముందుగా వాడి పసుపుబారతాయి. ఆ తరువాత రెంటినీ పెకలించి వేళ్ళు కడిగి ప్రక్కప్రక్కన పెట్టాలి. ఎర్రమట్టి వాడితే వరి వేళ్ళపై తుప్పు రంగు పూత కనబడవచ్చు. వేరు నుండి బయటికి జారిన ఆక్సిజన్ బురదలో కరిగి ఉన్న ఇనుముతో కలిసి ఆ పూత ఏర్పడుతుంది.