పనిముట్లకు ఒక పంచ

ఇంటి గోడనో గొడ్లసావిడి గోడనో ఒక అంచుగా తీసుకొని, రెండో అంచును గుంజల మీద నిలిపి, ఒకే వైపు వాలేలా దించే కప్పును తెలుగు పల్లెల్లో పంచ అనీ వసారా అనీ వ్యవహరిస్తారు. నాగలి, గుంటక, పార, మందు కొట్టే యంత్రం వంటివి ఎండకు ఎండకుండా, వానకు నానకుండా ఉండడానికి ఇంత తక్కువ ఖర్చుతో అమరే నీడ మరొకటి లేదు. అయినా రెండు గుంజలు పాతి రేకు పరిస్తే పని ముగిసిందనుకునే తొందర వల్ల ఎన్నో పంచలు తాము కాపాడవలసిన ఇనుమును తామే తుప్పుకు అప్పగిస్తున్నాయి.

పంచ కొలతలన్నీ కప్పును బట్టి తేలుతాయి. తాటాకు నీటిని ఆపదు, జారుస్తుంది. ఆకు నానకముందే నీరు దిగిపోవాలంటే వాలు సుమారు 45 డిగ్రీలుండాలి, అంటే గోడ నుంచి ఎన్ని అడుగులు ముందుకు వస్తే అన్ని అడుగులు కిందికి దిగాలి. పదడుగుల గోడకు ఆరడుగుల వెడల్పున పంచ దించితే చూరు, అనగా కప్పు కింది అంచు, నేలకు నాలుగడుగుల ఎత్తుకే వస్తుంది. తాటాకు పంచల్లోకి వంగి వెళ్లవలసి రావడానికి ఇదే కారణం. ముడతల ఇనుపరేకుకు ఎనిమిదడుగుల వెడల్పున రెండడుగుల వాలు చాలు కనుక, మనిషి నిలబడి తిరగగల చోటు మిగులుతుంది. అయితే శీతకాలపు రాత్రి చల్లబడిన రేకు అడుగున తేమ చుక్కలు కట్టి, తెల్లవారేసరికి కిందనున్న పనిముట్ల మీద రాలుతుంది. రేకు కింద పలచగా ఈతచాపనో తడికనో కట్టడం దీనికి సులువైన మందు, ఎందువల్లనో ఎక్కువమంది చేయని పని కూడా.

పంచకు ప్రాణం గోడతో కలిసే అతుకులో ఉంది. ఇంటి చూరు కిందికి పంచ కప్పును దూర్చితే పై నీరు పంచ మీదే పడి జారిపోతుంది. చూరు లేని గోడకైతే అడ్డంగా గాడి కొట్టి, వంచిన రేకు అంచును అందులో దింపి, సిమెంటుతో మూయాలి. ఈ అతుకు సందున కారే నీరు గోడను కూడా నానబెడుతుంది.

ముందు తెరిచి ఉన్న పంచలోకి దూరిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది, పైన వీచే గాలి అదే సమయంలో పైకి లాగుతుంది. అందువల్ల తీరప్రాంతంలో కప్పు బరువు మోయడం కంటె కప్పును కిందికి పట్టి ఉంచడమే కష్టమైన పని. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపానును చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. గుంజలను రెండడుగుల లోతున కాంక్రీటులో నిలిపి, వాసాలను, అంటే వాలు వెంబడి పరిచే కర్రలను, దూలానికి ఇనుప పట్టీతో బిగించి, రేకుకు మేకులకు బదులు కొక్కెపు బోల్టులను ముడత శిఖరం మీద, నీరు పారే పల్లంలో కాకుండా, వేయాలి.

తెరిచిన వైపు ఎటు ఉండాలన్నది ఊరిని బట్టి మారుతుంది. నైరుతి వానలే ప్రధానమైన తెలంగాణలో తూర్పు గోడ మేలు. ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడిన నెల్లూరు ప్రాంతంలో అదే గోడ జల్లుకు ఎదురవుతుంది.

నేలను జానెడు ఎత్తు లేపి, పనిముట్లను గోడ కొక్కేలకు తగిలించాలి. ఎరువు బస్తాలను మాత్రం ఈ నీడకు రానీయకూడదు. తేమ పీల్చి కారే యూరియా, పొటాష్ ఇనుమును వానకంటె త్వరగా తినేస్తాయి.