తుపాను దారికి ఇరువైపులా

2022 మేలో వచ్చిన అసని తుపాను తీరం దాటకుండానే ఈశాన్యానికి మళ్లి, ఒడిశా తీరం వెంబడి సముద్రంలోనే వెళ్లిపోతుందని మొదట అంచనా వేశారు. అది మరింత దగ్గరగా జరిగి, మే 11న బలం తగ్గాక మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. ఇలాంటప్పుడు వాతావరణ శాఖ లెక్క తప్పిందనడం మనకు అలవాటు. నాకు మాత్రం ఆ లెక్కను మనం చదివే తీరులోనే ఎక్కువ లోపం కనిపిస్తుంది. తుపానును నడిపించేది దాని చుట్టూ ఉన్న పైగాలులు. రెండు అధికపీడన ప్రాంతాల నడుమ ఆ గాలులు నీరసిస్తే తుపాను ఆగుతుంది, తడబడుతుంది, ఎటైనా తిరుగుతుంది. 2013 డిసెంబరులో మాది తుపాను ఉత్తరంగా వెళ్లి వెళ్లి, నైరుతికి వెనుదిరిగి తమిళనాడు చేరింది. పైగా నడిసముద్రంలో కొలతలు తక్కువ. తొలి కొలతలోని చిన్న తేడా మూడు రోజుల్లో పెద్దదైపోతుంది. అందుకే కంప్యూటర్ నమూనాను ఆరంభ స్థితి కొద్దికొద్దిగా మార్చి అనేకసార్లు నడుపుతారు. వచ్చిన దారులన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ధీమా, చెదిరిపోతే అనుమానం.

ఆ అనుమానాన్ని వాతావరణ శాఖ 2009 నుంచి పటం మీదే చూపిస్తోంది, పోనుపోనూ వెడల్పయ్యే గరాటాలా. దారి అంచనాలో ఇటీవలి సగటు తేడా 24 గంటల ముందైతే 80 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ, 72 గంటల ముందైతే 150 దాకా ఉంటోంది. మచిలీపట్నం నుంచి కాకినాడకు నేరుగా కొలిస్తే దాదాపు అంతే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంది కాబట్టి, ఉత్తరంగా వచ్చే తుపాను దిశ కొద్దిగా మారినా తీరం దాటే చోటు జిల్లా మారిపోతుంది. ఇది పటం మీది తేడాతో పోయేది కాదు. దారికి కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది, ఉప్పెన భయం అక్కడే ఎక్కువ. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. గరాటాను వదిలేసి మధ్య గీతనే చూస్తే ఇవన్నీ మరుగున పడతాయి. అన్నట్టు, గరాటా చెప్పేది తుపాను కేంద్రం ఎక్కడ ఉండవచ్చన్నదే, తుపాను వెడల్పు కాదు. దాని అంచుకు అవతలి ఊరికీ గాలివాన తప్పకపోవచ్చు.

అనుమానం బయటపెడితే జనం ఇళ్లు వదలరని అధికారులు భయపడితే అర్థం చేసుకోగలను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసిన నేల ఇది. కానీ ఖాయమని చెప్పినదే రాకపోతే తర్వాతి హెచ్చరికకు విలువేముంటుంది? 2021 డిసెంబరులో జవాద్ తుపాను కోసం ఉత్తరాంధ్రలో వేలమందిని తరలించారు, అది సముద్రంలోనే బలహీనపడింది. ఆ తరలింపు నా దృష్టిలో వృథా కాదు. పదింట మూడు వంతులే ప్రమాదమున్నా కదలవలసిందే. అయితే వేట, పశువులు, కూలి పోగొట్టుకునేది తరలినవారే, కాబట్టి ఆ మూడు వంతుల సంగతి ముందుగా తెలియాల్సింది వారికి. లంక గ్రామానికి చేరే హెచ్చరికలో మధ్య గీత ఎంత దూరమో కాక, ఉప్పెనకు అవకాశం పదింట ఎంతో ఉండాలి. ఆ లెక్కకు కావలసిన సరుకు అనేకసార్లు నడిపిన నమూనాల్లోనే ఉంది.